నాయన వినే పాట

లక్ష్మణప్ప వేలెత్తాడంటే ఇంట్లో మిక్సీ కూడా ఆగాల్సిందే.

ఆ సాయంత్రం పక్కింటి సుబ్బలక్ష్మమ్మ పెరుగు తోడు కోసం వచ్చి, అలవాటు కొద్దీ గుమ్మంలోనే కబుర్లు మొదలుపెట్టబోయింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కుర్చీలో కూర్చున్న లక్ష్మణప్ప ఆమెను చూసి వేలెత్తాడు. ఆమె నోరు మూసుకుని వంటింట్లోకి నడిచింది.

"ఏమ్మే ప్రతిమా, మీ నాయనకి ఇదేం పిచ్చి? పొద్దస్తమానం అదే పాట వింటాండాడు!"

"పిచ్చి కాదత్తా. మా నాయన ఇప్పటికి వినేది నేర్చుకున్నాడు," అంది ప్రతిమ. అంటుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ పాట పాడింది ఆమే మరి.

ఆ వెలుగు వెనక ఏళ్ళనాటి ఉక్రోషం ఉంది. తమ ఊరు దిబ్బూరహళ్ళి నుంచి చింతామణి టౌనుకు బస్సుల్లో తిరిగి సంగీతం నేర్చుకుంది ప్రతిమ. ఇప్పుడు అక్కడే ఒక స్కూల్లో పిల్లలకు పాట నేర్పుతోంది. ఎక్కడ పాడినా జనం మెచ్చుకుంటారు. తండ్రి మాత్రం కుదురుగా కూర్చుని విన్నది ఒక్కనాడూ లేదు. పక్కన కూతురు ఆలాపన ఎత్తుకుంటే ఆయన ఫోన్లో పట్టుగూళ్ళ ధర విచారిస్తూనే, "బాగుండాదమ్మా, పాడు పాడు," అనేవాడు. బాగాలేదన్నా ఆమె సంతోషించేది. విన్నాడని తెలిసేది కదా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా!

ఉగాది ముందు తల్లి మునిరత్నమ్మ జబ్బుచేసి పోయింది. పట్టుపురుగులు మేపడం ఒంటిచేతి పని కాదు. లక్ష్మణప్ప షెడ్డుకు తాళం వేశాడు, మల్బరీ తోట కౌలుకిచ్చాడు. అక్కణ్ణుంచి గోడ చూస్తూ కూర్చునేవాడు. తిండి సయించేది కాదు. అట్లాంటి రోజుల్లో, కూతురు వాడి తనకిచ్చిన పాత ఫోన్ను ఏమీ తోచక కెలుకుతుంటే, అందులో ఎప్పటిదో ఆమె సాధన చేసిన రికార్డు ఒకటి దొరికింది. విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఆ పూట తనే అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

ప్రతిమ వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళకు తన పాట నాయనకు అందింది. అమ్మ పోయిన దుఃఖంలో ఆయనకు ఆసరా అయింది.

ఆయన వినే తీరు చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. పాట నడుస్తుంటే చేతిలో కాఫీ చల్లారిపోవాల్సిందే. ఒక్కోచోట ఊపిరి బిగబడతాడు. ఒక్కోచోట తనలో తను నవ్వుకుంటాడు. తొడ మీద వేళ్ళతో తాళం కూడా వేస్తాడు. అదొక్కటే తప్పుతుంది.

"నాయనా, ఇది ఆదితాళం. నువ్వేసేది దేనికీ కుదరదే!"

"నాకొచ్చింది ఇదేనమ్మా," అని ఊరుకునేవాడు.

కొత్త పాటలు పెట్టిస్తానంటే వద్దన్నాడు. ఇదే చాలన్నాడు. ఆ సంగతి ప్రతిమ తన గురువు వెంకటరాయప్పకు చెప్పింది.

"పది పాటలు చెవిన వేసుకునేవాళ్ళు ఊరంతా ఉంటారమ్మా," అన్నాడాయన. "ఒక్క పాటలో దిగి అడుగు చూసేవాడే శ్రోత. అట్లాంటోడు నీకు ఇంట్లోనే దొరికినాడు. ఇంకేం కావాల?"

ఆ మాటకు ప్రతిమ పొంగిపోయింది, వెంటనే సిగ్గుపడింది. అంతటి శ్రోతకు ఇవ్వాల్సిన రికార్డా అది? ఎప్పుడో పురుగుల షెడ్డులో ఓ మూల కూర్చుని పాడుకున్న పాట. చుట్టూ పని ఆగితే కదా! గుడ్డు పగిలి వచ్చిన పిల్ల పురుగులకు ఆకు సన్నగా తరిగి వెయ్యాలి. పీట మీద కత్తి టకటకా ఆడుతూనే ఉంది, పాట పొడుగునా. గమకం దగ్గర టక్. సన్నగా తీగలా సాగాల్సిన చోట టకటక. పాపం, ఆ రొదలోంచి పాటను ఏరుకోవడానికే నాయన ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి అంతలా ఒత్తుకుంటున్నాడనిపించింది.

ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీసుకుంది. గొంతు ఉంచి తక్కిన చప్పుళ్ళన్నీ తీసేసే యాప్ ఉందని స్కూల్లో ఎవరో చెప్పారు. అందులో వేసింది. మాయ చేసినట్టు రొదంతా పోయి తన గొంతు ఒక్కటే మిగిలింది. తనకే ముచ్చటేసింది. పాతది ఎవరి చెవినైనా పడితే నవ్వుతారని దాన్ని పూర్తిగా చెరిపేసింది. ఆ ఫోన్లో తప్ప అది ఇంకెక్కడా లేదు.

లక్ష్మణప్ప తల తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ పొద్దు విను నాయనా. నీ కోసమే బాగుచేసినా," అంటూ ఫోన్ చేతికిచ్చింది. ఎదురుగా గడప మీద కూర్చుని ఆయన ముఖంలోకే చూసింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఒక్క మాట ఈ రోజు వస్తుందని ఆమెకు నమ్మకం.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు తాళానికి లేచి, గాల్లోనే ఆగిపోయాయి. కళ్ళు తెరిచి శబ్దం పెంచాడు. పాటను మొదటికి తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు.

"ఎట్లుండాది నాయనా?"

ఆయన ఇయర్‌ఫోన్లు తీసి, ఊది, మళ్ళీ పెట్టుకుని విన్నాడు. ప్రతిమ లేచి దగ్గరికి వచ్చింది.

"అమ్మణ్ణీ," అన్నాడు, "మీయమ్మ ఆకు తరిగే సద్దు యాడికి పోయింది?"