ఫొటో కింద దూరిన పెట్టె

ఎవరికీ చెప్పలేదుగానీ, వెబ్ పేజీలు అల్లడం సొంతంగా నేర్చుకున్న సాలెపురుగుని కదా, నా పేజీలో తప్పుందంటే నాకు ఏడుపొస్తుంది.

తాబేలు తాత పోయాక, చెరువులో అందరూ ఆయన గురించి నాలుగు మాటలు రాసుకోవడానికి ఒక పేజీ అల్లాను. ఊరెళ్లిన నత్త, తాత వీపుమీద ఆడుకుంటూ పెరిగిన కప్పక్క తప్ప అందరూ రాశారు.

"రాయడానికి చోటే కనపడట్లేదే," అంది కప్పక్క.

"నా ఫోన్లో బాగానే ఉంది. రాయాలనుంటే కనపడుతుందిలే అక్కా," అన్నాను.

తను మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఇవాళ ఊర్నుంచి వచ్చిన నత్త తన పాత ఫోన్ పట్టుకొచ్చింది. "ఎక్కడ నొక్కినా తాత ముక్కే తగులుతోందే పిల్లా!"

చూస్తే, ఆ పాత బ్రౌజర్లో రాసే పెట్టె తాత ఫొటో కింద దూరిపోయి ఉంది. కప్పక్కదీ అలాంటి ఫోనే.

కోడ్‌లో ఒక్క లైను మార్చాను, పెట్టె పైకొచ్చింది. నేనన్న మాట మాత్రం కప్పక్క మనసులో అలాగే ఉండిపోయుంటుంది. ఇక ఆగను, తనకు ఫోన్ చేస్తాను.