హాలంతా ఒకేసారి

“నలుగురు కుర్రాళ్లని పిలిపించనా? తలో వరసా పంచుకుందాం.” మేనేజరు చొక్కా చేతులు పైకి మడుస్తూ అడిగాడు.

“ఎవరూ వద్దు సార్. ఈ మూల కంప్యూటర్ ఒక్కటి చాలు,” అంది బొంగరం.

ఆ పరీక్షా కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునే అమ్మాయికి ఆ పేరు పెట్టింది మేనేజరే. కాసేపైనా ఒకచోట నిలవదని. పొద్దున తాళం తీసేసరికి హాల్లో కంప్యూటర్లన్నిటికీ వైరస్ పట్టి ఉంది. ఒక్కటంటే ఒక్కటీ తెరుచుకోలేదు. అన్నిటిలోనూ ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ మొదటినుంచీ ఎక్కించాలి. ఒక్కోదాని ముందూ కూర్చుని, అదడిగే ప్రశ్నలకు జవాబులు ఇస్తూ పోతే సగం హాలు కాకుండానే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నమేమో డిగ్రీ చివరి పరీక్ష. ఇవాళ జరక్కపోతే మళ్లీ ఏడాదికే.

“అన్నీ అడిగేవి అవే ప్రశ్నలు కదా సార్. ఏ భాష, ఏ టైము, పాస్‌వర్డ్ ఏంటి... పొద్దున్నే దీన్నొక్కదాన్నీ నా చేత్తో బాగుచేసి, జవాబులన్నీ ఒక ఫైల్లో రాసి ఇందులో పెట్టా. మిగతావన్నీ కేబుల్లోంచి దీన్నే అడిగి, తమంతట తామే ఎక్కించుకుంటాయి.”

“తమంతట తామే! మా ఇంట్లో పిల్లలు తమంతట తాము అన్నం కూడా తినరు. ఇవి ఎక్కించుకుంటాయిట!” మేనేజరు నెత్తి గోక్కున్నాడు. “పరీక్ష ఆగిందంటే పైవాళ్లు నా తోలు తీస్తారు, చూసుకో.”

ఇంతలో ఆమె ఫోను మోగింది.

“ఏమే, కంప్యూటర్లు లేచాయా?” అమ్మ గొంతు మేనేజరు దాకా వినిపించింది.

“ఇప్పుడే మొదలెడుతున్నానమ్మా.”

“పరీక్ష ఉంటుందా, ఉండదా? ముందది చెప్పు. ఏడాదంటే మాటలా? చదివిందంతా ఏం కావాలి?”

“ఉంటుందమ్మా, నేనున్నాగా. ఫోన్ పెట్టెయ్.”

“మీ అమ్మగారికి నీకంటే కంగారెక్కువగా ఉందే!” అన్నాడు మేనేజరు.

“మొదటినుంచీ అంతే సార్. నా పదో తరగతి పరీక్షలప్పుడు నేను హాయిగా నిద్రపోయా, ఆవిడే కునుకు తియ్యలేదు.”

బొంగరం మీట నొక్కింది. ఒక తెర వెలిగింది, దాని పక్కది, ఆ పక్కది. వరస తర్వాత వరస. మేనేజరు నోరు తెరిచాడు. అది మూసేలోపే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏ తెర మీద చూసినా ఒకటే ప్రశ్న: పాతదంతా చెరిపెయ్యాలా?

దానికి మాత్రం ఆమె జవాబు రాయలేదు. అంత పెద్ద మాట మనిషే చెప్పాలని, నేర్చుకునే రోజుల్లో పట్టుకున్న భయం. ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

“అయిపోయింది! చెబితే విన్నావా? పద, ఒక్కోదాని దగ్గరికీ పోయి నొక్కుదాం.”

“ఇది నొక్కితే ఏ డిస్కు అంటాయి, తర్వాత ఎంత భాగం అంటాయి. దీనికి అంతుండదు. ఒక్క నిమిషం సార్!”

ఆమె ఆ ఖాళీలో ‘చెరిపెయ్యి’ అని రాసింది. తర్వాతి ప్రశ్నలకూ జవాబులు చేర్చి అన్నిటినీ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఏదీ ఆగలేదు. మధ్యాహ్నం కాకుండానే హాలంతా లేచి కూర్చుంది. బొంగరానికి ఒళ్లు పులకరించింది. తను చేసింది! ఇంతదాకా ఈ హాల్లో ఎవరూ చెయ్యనిది!

మేనేజరు అప్పటికే ఫోన్లో పైవాళ్లకు ఊదరగొడుతున్నాడు. “మా అమ్మాయండీ! మా అమ్మాయి చేసింది!” పొద్దున తోలు సంగతి ఎత్తిన మనిషే.

గేటు దగ్గర జనం చేరారు. అందులో అమ్మ కూడా ఉంది, ఇస్త్రీ బట్టల్లో.

“ఏమే, అన్నీ లేచాయా?” అన్న గొంతు వినగానే మేనేజరు పోల్చుకున్నాడు. “మీరా అమ్మగారూ! రండి రండి, మీ అమ్మాయి చేసిన ఘనకార్యం చూద్దురుగాని!”

ఆవిడ హాలంతా కలయజూసింది. మూడో వరసలో ఒక కంప్యూటర్ ముందు కూర్చుంది.

“నా తల్లే! ఇన్నీ నువ్వే లేపావా?”

“వాటంతట అవే లేచాయమ్మా.”

“గర్వంగా లేదండీ?” మేనేజరు అడిగాడు.

“ఎందుకుండదు బాబూ! దీన్ని కన్నందుకు ఇవాళ నా కడుపు నిండిపోయింది.” అమ్మ కళ్లు ఒత్తుకుంది. అమ్మను చూస్తుంటే బొంగరానికి అంతకు రెట్టింపు గర్వంగా ఉంది.

మిగతా కుర్చీలూ నిండాయి. గంట మోగింది.

“పరీక్ష రాసేవాళ్లు తప్ప అందరూ బయటికి!” ఇన్విజిలేటర్ గట్టిగా అంది.

మేనేజరు గబగబా తలుపు దాటాడు. బొంగరం అమ్మ భుజం మీద ఓసారి చెయ్యి వేసి అతని వెనకే వచ్చింది.

“అమ్మగారూ, మీరూ రావాలి!” మేనేజరు గుమ్మంలోంచి పిలిచాడు.

అమ్మ లేవలేదు. చేతిసంచీలోంచి హాల్ టికెట్ తీసి బల్ల మీద పెట్టింది.