తలుపు వెనక టైల్స్

నాన్న బాత్రూములో ఇరుక్కుపోయాడు. తలుపు మూసుకుని, దాని వెనక టైల్స్ తనే అతికించాడు. నేల ఎత్తు పెరిగి, లోపలికి తెరుచుకునే తలుపు ఇప్పుడు కదలనంటోంది.

“ఒక్క టైలు పీకెయ్ నాన్నా.”

“పొద్దుట్నుంచీ నడుం విరగ్గొట్టుకుని వేశానే. పీకను.”

“అయితే తలుపు అడుగు కొయ్యాలి. మావయ్యని పిలవనా?”

మావయ్య కాంట్రాక్టరు. ఆయనతో నాన్న “నా ఇంటికి నేనే కాంట్రాక్టర్ని” అని పోట్లాడిన దగ్గర్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ మాత్రం స్టవ్ దగ్గర తాపీగా టీ కాస్తోంది.

“సరే, రమ్మను,” అన్నాడు నాన్న చివరికి, గొంతు బాగా తగ్గించి. “నేనే అడిగానని చెప్పు.”

ఫోన్ తీసేలోపే బెల్ మోగింది. గుమ్మంలో మావయ్య, చేతిలో కటింగ్ మిషన్.

“నీకెవరు చెప్పారు మావయ్యా?”

“మీ అమ్మే. బావ తలుపేసుకుని టైల్స్ వేస్తున్నాడు, సాయంత్రం మిషన్ పట్టుకుని రారా అని పొద్దున్నే ఫోన్ చేసింది.”

నేను అమ్మ వైపు తిరిగాను. “ఆ మాటేదో నాన్నకే చెప్పొచ్చుగా?”

“చెబితే వీణ్ణి రమ్మనేవాడా?” అంది అమ్మ. అప్పటికే నాలుగు కప్పుల్లో టీ పోసేసింది.