ఆరో మైకు

అసలు వీళ్లలో ఒక్కరికైనా చెవులున్నాయా, లేక జూకాలు తగిలించుకోవడానికే ఉంచుకున్నారా అనుకుంటూ సృజన్ ఐదో మైకు వైరు గుచ్చాడు.

యూనివర్సిటీ ఆడిటోరియంలో అతనిది పార్ట్‌టైమ్ పని. కుర్చీలు వేయాలి, వైర్లు చుట్టాలి, సౌండ్ మిక్సర్ ముందు కూర్చోవాలి. ఆ ఆదివారం హాలును మోరిస్‌విల్ ఊరి తెలుగువాళ్లు కచేరీకి తీసుకున్నారు.

సంఘం పెద్ద ధర్మారావు అప్పటికి మూడుసార్లు వచ్చి వెళ్లాడు.

"బాబూ, ఆరున్నరకల్లా ఎండ్ చేయించు. సమోసాలు చల్లారిపోతాయి."

"పాడేది నేను కాదంకుల్."

ఆయన నవ్వాడు. సృజన్ నవ్వలేదు. సమోసాలు తినే నోళ్లతోనే వీళ్లు రేపు గాంధారం గురించి మాట్లాడతారు.

పాడేది విశ్వపతి. సృజన్ ఫోన్‌లో ఆయనదొక పాత కచేరీ ఉంది. క్యాసెట్ నుంచి ఎక్కించింది, గరగరలతో. అందులో కల్యాణి రాగం ఆలాపన చివర ఆయన పై స్థాయి గాంధారం మీద పద్దెనిమిది సెకన్లు నిలుస్తాడు. తొమ్మిదో సెకనులో స్వరం సన్నగా వణికి, పడిపోతుందనుకునేలోగా మళ్లీ నిలబడుతుంది.

ఈ దేశానికి వచ్చిన మొదటి చలికాలం, మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో పడి ఉన్నప్పుడు, సృజన్‌ని లేపి కూర్చోబెట్టింది ఆ తొమ్మిదో సెకనే. ఇవాళ దాన్ని గరగరలు లేకుండా మిక్సర్ నుంచి నేరుగా రికార్డు చేసుకోవాలి. అందుకే ఈ షిఫ్ట్ అడిగి వేయించుకున్నాడు.

విశ్వపతి వచ్చాడు. అరవై దాటినా నిటారుగా ఉన్నాడు. వెనకాల తంబురా మోసుకుంటూ, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, అన్నగారు హనుమయ్య.

"నాయనా, నాకూ ఒక మైకు పెడతావా?" అని అడిగాడు హనుమయ్య.

"తంబురాకి మైకెందుకంకుల్? శ్రుతి బాక్స్ ఉందిగా."

"తంబురాకి కాదులే."

సృజన్ ఆయన వైపు చూడనే లేదు. ప్రతి గొప్పవాడి వెనకా ఇలాంటి చుట్టం ఒకడుంటాడు. టికెట్టూ, భోజనమూ, శాలువా కలిసొస్తాయని తంబురా పట్టుకుని విమానమెక్కుతాడు.

విశ్వపతి దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. సృజన్ ఒళ్లు పులకరించింది.

"మా అన్నయ్యది తగ్గించకు బాబూ. ఆయన లేకపోతే నేను లేను."

"ష్యూర్ సార్."

ఎంత సంస్కారం, అనుకున్నాడు సృజన్. మెడకు తగులుకున్నవాణ్ణి కూడా గౌరవిస్తున్నాడు. ఆరో మైకు తెచ్చి ముసలాయన ముందు పెట్టాడు, భిక్ష వేసినట్టు.

కచేరీ మొదలైన రెండో నిమిషంలోనే హనుమయ్య దగ్గాడు. దగ్గు హాలంతా మోగింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సృజన్ ఆరో మైకు మీటను చివరిదాకా కిందికి లాగేశాడు.

పక్కన లైట్లు చూస్తున్న నిధి అతని వైపు తిరిగింది.

"తాతని కట్ చేసినవా?"

"దగ్గుని కట్ చేశా."

"పాపం రా. సారు తగ్గించొద్దన్నడు కదా."

"మర్యాదకి అంటారు. నువ్వు లైట్లు చూసుకో."

ఎందుకో విశ్వపతి గొంతు పలచగా ఉంది. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా మధ్య మధ్య తెగుతోంది. ప్రయాణం బడలిక, ఈ దిక్కుమాలిన హాలు, ఈ జనం. వీళ్ల ముందు ఎవరికి మాత్రం పాట వస్తుంది?

హనుమయ్య కూర్చున్నచోటే మైకు వైపు ఇంకా ఇంకా వంగుతున్నాడు.

"తినేస్తాడేమో దాన్ని," అన్నాడు సృజన్.

నిధి నవ్వలేదు.

ఆరుంపావుకి కల్యాణి అందుకున్నారు. ధర్మారావు తలుపు దగ్గర నిలబడి గడియారం చూపించాడు. సృజన్ తల తిప్పుకుని ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ సరిచూసుకున్నాడు. హెడ్‌ఫోన్లు చెవులకు అదిమిపెట్టుకున్నాడు.

ఆలాపన మెట్టు మెట్టుగా పైకెక్కింది. విశ్వపతి కళ్లు మూసుకున్నాడు. చెయ్యి లేచింది. నోరు తెరిచాడు.

హెడ్‌ఫోన్లలో ఊపిరి తప్ప ఏమీ లేదు.

"సౌండ్ పోయిందా?" నిధి గుసగుసగా అడిగింది.

సృజన్ విశ్వపతి ముందున్న ఒకటో మైకును పెంచాడు. ఊపిరే పెద్దదైంది. ముందు వరసల్లో తలలు ఒకదాని వైపు ఒకటి వాలాయి. పెద్దాయన పనైపోయిందని చెప్పుకుంటున్నారు కాబోలు.

ఆ ఊపిరి వెనక, పక్కింట్లోంచి వస్తున్నట్టు, ఎక్కడో సన్నగా గాంధారం వినిపించింది.

అతను అలవాటుగా లెక్కపెట్టాడు. ఐదు. ఆరు. ఏడు.

తలెత్తి చూశాడు. తమ్ముడి వీపు వెనక, రెండు స్వెట్టర్లలో కూరుకుపోయిన హనుమయ్య, పలకని మైకు మీదికి వంగి నోరు తెరిచి ఉన్నాడు. మెడ మీద నరం ఉబ్బి ఉంది.

ఎనిమిది.

తొమ్మిదో సెకనులో ఆ స్వరం సన్నగా వణికి మళ్లీ నిలబడింది. సృజన్ ఆరో మైకు మీట మీద వేలు పెట్టి, మెల్లగా పైకి తోశాడు.