ఏడున్నర పడవ

“రెండు మాటలు చాలు. ‘పడవ రద్దు.’ అంతే!” అన్నాడు మేనేజర్ రోడెల్.

“చాలవు సర్,” అంది దెలిన్.

ఫిలిప్పీన్స్‌లో సెబూ రేవుకు ఎదురుగా మూడో అంతస్తులో ఉంది ఆ పడవల కంపెనీ ఆఫీసు. రేపటి నుంచి ప్రయాణికుల సందేశాలకు ఏఐ ఏజెంటే బదులిస్తుంది. సీట్లు మారుస్తుంది, అవసరమైతే పడవనే ఆపేస్తుంది. అందుకోసం దానికి పన్నెండు పనిముట్లు, అంటే ఒక్కో పనికి ఒక్కో ఆదేశం, ఇచ్చారు. ఏది ఎప్పుడు వాడాలో అది తెలుసుకునేది ఒక్కోదాని పక్కనున్న వివరణ చదివే. ఆ వివరణలు రాయడమే దెలిన్ ఉద్యోగం.

ఉద్యోగం అనడం కూడా తొందరే. ఆరు నెలల పరీక్షకాలం ఇవాళ్టితో ముగుస్తుంది. ఉంచాలో పంపాలో తేల్చడానికి యజమానురాలు సోలింగ్ మామ్ పొద్దున్నే బోహోల్ దీవి నుంచి పడవలో దిగారు. దెలిన్‌ను కలవడం ఇదే మొదటిసారి. వస్తూనే చేతిసంచీలోంచి ఏదో తీసి బల్ల మీద టక్కుమని పెట్టారు.

“కలమాయ్! కొబ్బరిచిప్పలో!” అని మిఠాయి దొరికిన చిన్నపిల్లలా మురిసిపోయింది దెలిన్.

“తర్వాత తిందువుగానిలే. ముందు తగువు తేలనీ,” అన్నారు మామ్ నవ్వుతూ.

రోడెల్ తన తెరను మామ్ వైపు తిప్పాడు. “చూడండి మామ్. రద్దుకు ఎర్ర బటన్. పక్కన పుర్రె బొమ్మ కూడా పెట్టించాను. పసిపిల్లలకైనా తెలుస్తుంది, ముట్టుకోకూడదని.”

“ఏజెంటుకు పుర్రె కనిపించదు సర్. ఎరుపూ కనిపించదు. దానికి అందేది మాటలే.”

“నువ్వు రాసింది వివరణ కాదు, నవల! నీకన్నీ విడమరచాల్సిందే. ఆఫీసులో ఎవరైనా కుర్చీ పక్కకు జరిపినా నీకు చెప్పి జరపాలి.”

“చెప్పట్లేదుగా! అదే నా గొడవ.”

గదిలో అందరూ నవ్వారు. రోడెల్ నవ్వలేదు.

“సరే, పందెం. ముందు నా వివరణలు, తర్వాత నీవి. నీ వాటితో ఏజెంట్ ఒక్క తప్పు చేసినా రేపట్నుంచి రానక్కర్లేదు.”

“అలాగే. తప్పు మీ వాటితో జరిగితే?”

“జరగదు.”

పరీక్ష కోసం కంప్యూటర్లో కట్టిన ఉత్తుత్తి పడవలూ టికెట్లూ సిద్ధమయ్యాయి. సందేశం మామ్ స్వయంగా చెప్పారు. పక్క బల్ల కుర్రాడు బెంజో టైపు చేశాడు. “సముద్రం పొంగుతోంది. ఏడున్నర పడవ ఎక్కాలంటే మా అమ్మమ్మ వణికిపోతోంది. ఏదో ఒకటి చెయ్యండి బాబూ.”

రోడెల్ వివరణలతో ఏజెంట్ క్షణం కూడా ఆలోచించలేదు.

“ఏడున్నర పడవ రద్దు చేశానంటోంది!” అని అరిచాడు బెంజో. “రెండొందల పద్నాలుగు మందికి సందేశాలు వెళ్లిపోయాయి!”

“ఒక్క అమ్మమ్మ కోసమా?” మామ్ నోరు తెరిచారు.

ఇప్పుడు దెలిన్ వంతు. “చదువు బెంజో,” అంది.

బెంజో గొంతు సవరించుకున్నాడు. “ఇది ఆ పూట పడవను అందరికీ రద్దు చేస్తుంది. చేశాక వెనక్కి తీసుకోలేవు. తుపాను హెచ్చరిక వచ్చి, కోస్ట్‌గార్డు పడవలు ఆపమన్నప్పుడే వాడు. ఒకరిద్దరి భయానికో జ్వరానికో వాడకు, దానికి సీటు మార్చే పనిముట్టు ఉంది. ఏది వాడాలో తేల్చుకోలేకపోతే ఆగి, రేవు కౌంటరును అడుగు.”

“బామ్మ బోధలాగా ఉంది,” అని గొణిగాడు రోడెల్.

అదే సందేశం మళ్లీ పంపారు. ఈసారి ఏజెంట్ ముందు హెచ్చరికలున్నాయేమో చూసింది. తర్వాత బదులిచ్చింది. “ఇవాళ తుపాను హెచ్చరిక లేదండీ. అమ్మమ్మగారి సీటు మధ్యాహ్నం పెద్ద పడవకు మార్చమంటారా? అది ఊగడం తక్కువ.”

మామ్ పకపకా నవ్వారు. ఆ తర్వాత ఇరవై సందేశాలు పంపారు. కోపంతో రాసినవి, తాగి రాసినట్టున్నవి, సగంలో ఆగిపోయినవి. ఏజెంట్ ఎక్కడా తడబడలేదు.

“ఒక్క వాక్యమైనా తగ్గించవచ్చుగా?” అన్నాడు రోడెల్ చివరి ప్రయత్నంగా.

“ఏ వాక్యమో చెప్పండి సర్. అది తీసేస్తే ఏ పడవ ఆగిపోతుందో నేను చెబుతాను.”

రోడెల్ తెరను మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు.

“పిల్లా, నువ్వు ఉంటున్నావు. నీ రాతే ఉంటుంది,” అన్నారు మామ్. లేచి, బల్ల మీదుగా చెయ్యి చాచారు.

దెలిన్ మొహం వెలిగిపోయింది. చేతులు మాత్రం ఒళ్లోంచి కదల్లేదు.

మామ్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మామ్ చెవులు ఎర్రబడ్డాయి.

“చాచిన చెయ్యి అందుకోవా? ఇంత పొగరా నీకు?”

“పొగరుందిలెండి మామ్, చూపే లేదు,” అని నవ్వుతూ ఆ గొంతు వినిపించిన వైపు చెయ్యి చాచింది దెలిన్.