అత్తయ్య అడిగిన బలం

సైరన్ మోగగానే కోడలు గని గేటు దాకా ఒక్క పరుగున వచ్చింది. సొరంగం కూలిందట. ఆమె భర్త లోపలే ఉన్నాడు. వెనకే వచ్చిన అత్త గేటు ఊచలు పట్టుకుని పెదవులు కదుపుతోంది.

“రోజూ పొద్దున్నే మోకరించి మీ అబ్బాయి క్షేమం కోరారు కదా అత్తయ్యా! ఏమైపోయింది ఆ ప్రార్థన?”

“నేనడిగింది క్షేమం ఒక్కటే కాదమ్మా.” అత్త ఊచల మీద పట్టు బిగించింది. “మీ మామయ్యను ఈ గేటులోంచే మోసుకొచ్చారు. ఆ రోజు దేవుణ్ణి పిలుద్దామన్నా నా నోట మాట రాలేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లో హోరెత్తుతూనే ఉంది. మళ్ళీ అలాంటి రోజొస్తే దేవుడి చెయ్యి వదలని బలం ఇమ్మని కూడా అడిగాను.”

గేటు తెరుచుకుంది. స్ట్రెచర్ మీద ఒకరిని తెచ్చారు, ముఖం కూడా దుప్పటితో కప్పి ఉంది. కోడలు దాన్ని తొలగించి చూసింది. తన భర్తే.

అత్త నోరు తెరిచింది. ఎంత పెనుగులాడినా మాట పెగల్లేదు. భయంతో కోడలి వైపు చూసింది.

కోడలు ఆమెను పొదివి పట్టుకుంది. ఐదేళ్ళుగా వంటింట్లోంచి విసుక్కుంటూ విన్న అత్త ప్రార్థన మాటల్నే, ఏడుపు మధ్య తడబడుతూ, ఇద్దరి తరఫునా పలకడం మొదలుపెట్టింది.