ఉప్పు పరీక్ష

చింతామణి ఊరి ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ ముందుకి కాంచనమ్మ మొగుణ్ణి తోసింది.

"ఈయప్పకి మనసు బాగలేదు మేడం. నలభై ఏండ్లుగా నా వంటకి వంక పెట్టకుండా ముద్ద మింగింది లేదు. మొన్న పరీక్షకని అనపగింజల సారులో ఉప్పెయ్యలేదు. నోరెత్తకుండా తినేసినాడు!"

డాక్టరమ్మ నవ్వింది. "నిజమా అప్పా?"

"మొన్న ఒక దినమేనా మేడం?" అన్నాడు హనుమంతరాయప్ప. "నెల దినాలుగా ఉప్పు లేదు. ఏమన్నా అంటే యాడ ఏడుస్తాదో అని ఊరికే తింటాండా."

"నెలా? అబద్ధం!"

"మీరూ అదే తింటిరి కదమ్మా. చప్పగా లేదా?" అని డాక్టరమ్మ అడిగింది.

కాంచనమ్మ చెప్పబోయి ఆగిపోయింది. "ఈ మధ్య నాకేదీ రుచి తెలీడం లేదు మేడం. వయసైపోయింది, అంతే అనుకుంటి," అనింది.

"వయసు కాదమ్మా, ఇది మనసు జబ్బే. మాత్రలుండాయి. వారానికోసారి వస్తే కూర్చుని మాట్లాడుకుందాం. తగ్గిపోతాది."

డాక్టరమ్మ మందులు రాయబోతే కాంచనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "టోకన్ ఆయన పేరున ఉండాది కదా మేడం!"

హనుమంతరాయప్ప జేబులోంచి టోకన్ తీసి బల్ల మీద పెట్టినాడు. దాని మీద కాంచనమ్మ పేరుంది.

"పొద్దున్నే క్యూలో నిలబడింది నేను కదా," అన్నాడు. "నీ పేరే చెప్పినా."